చుక్కలు పుట్టుట మానిన గెలాక్సీలు

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి, పరీక్షా ఫలితములను, హాజరు లెక్కలను చదివి కూర్చుండుట ఆచారము. ఆ లెక్కలన్నియు వార్షిక సంచికలో అచ్చుపడుచున్నవి గనుక ఈ యేడు వానిని విడిచి, ఒక పాత బాకీని తీర్చుకొనదలచితిమి. అది ధనముతో తీరు బాకీ కాదు. ఒక విద్యార్థిని యడిగిన ప్రశ్నకు మేము చెప్పక దాటవేసిన జవాబు.

సుమారు ఇరువది యేండ్ల క్రిందటి మాట. మేము అప్పుడు తొమ్మిదవ తరగతికి విజ్ఞానశాస్త్రము చెప్పుచుంటిమి. ఒకనాడు పాఠము త్వరగా ముగియగా, మిగిలిన సమయమున నల్లబల్లపై గెలాక్సీల బొమ్మలు గీచితిమి. మొదటిది కోడిగ్రుడ్డువలె నుండును. తరువాతిది పప్పుబద్దవలె చదునుగా నుండును. చివరిది చేతులు చాచి సుడి తిరుగుచున్నట్లు కనబడును. "గెలాక్సీలు ఈ వరుసలోనే యెదుగును. మొదట గుండ్రముగా నుండి, కాలక్రమమున చేతులు విప్పును" అని చెప్పితిమి. అప్పుడు వెనుక బల్లనుండి ఒక బాలిక లేచినది. "సార్, గుండ్రని వానిలో ముసలి చుక్కలే యున్నవనియు, చేతులున్నవానిలో పసి చుక్కలు పుట్టుచున్నవనియు మీరే చెప్పితిరి. ముసలివారు మాత్రమే యున్న యిల్లు పోను పోను పసిపిల్లల యిల్లు ఎట్లగును?" అని యడిగినది.

మాకు జవాబు తోచలేదు. తోచలేదని చెప్పుటకు నోరును రాలేదు. "అది పరీక్షలో రాదు, కూర్చో" అంటిమి. ఆమె కూర్చున్నది. ఆ సంవత్సరము మరల ప్రశ్న అడుగుటకు లేవలేదు.

ఆమె యడిగిన ప్రశ్న సరియైనది. మేము చెప్పిన వరుసయే తప్పు. అది ఎట్లు తప్పైనదో, చేతులున్న గెలాక్సీలలో చుక్కల పుట్టుక ఎట్లు ఆగిపోవునో, నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిన మేరకు ఈ సాయంకాలము మీ ముందుంచెదము.

గెలాక్సీ యనగా కోట్ల కొలది నక్షత్రములు ఒక్కటిగా కూడి తిరుగు మహాసమూహము. వేసవి రాత్రులలో డాబాలపై పరుండినప్పుడు ఆకాశమున తెల్లని పట్టీవలె కనబడు పాలపుంత మన గెలాక్సీయే. అందులో పదివేల కోట్లకు పైగా నక్షత్రములు కలవు. వానిలో మన సూర్యుడొకడు. ఈ చివరనుండి ఆ చివరకు పోవుటకు వెలుతురునకే సుమారు 1 లక్ష సంవత్సరములు పట్టును. మన పాలపుంతకు వెలుపల ఇట్టివి వేరుగా నున్నవని అమెరికా జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ హబుల్ నిరూపించిన విషయము 1925 జనవరి 1వ తేదీన శాస్త్రజ్ఞుల సభలో వెల్లడి యయ్యెను. అటుపిమ్మట 1926లో ఆయన గెలాక్సీలను రూపమునుబట్టి తరగతులుగా విభజించెను. అందులో గుండ్రనివానికి "ముందరివి" అనియు, చేతులున్న సర్పిల గెలాక్సీలకు "తరువాతివి" అనియు పేర్లు వాడెను. ఈ పేర్లకు వయస్సుతో సంబంధము లేదని ఆయనయే హెచ్చరించి యుండెను. మేము ఆ హెచ్చరికను చదువక పేర్లను మాత్రము పట్టుకొంటిమి. తప్పు అక్కడ మొదలైనది.

ఒక గెలాక్సీలో నేటికిని చుక్కలు పుట్టుచున్నవో లేదో తెలియుటకు దాని రంగు చాలును. సూర్యునివంటి నక్షత్రము సుమారు 1,000 కోట్ల సంవత్సరములు వెలుగును. సూర్యునికంటె ఇరువది రెట్లు బరువైన నక్షత్రము నీలివర్ణమున మిక్కిలి ప్రకాశించును గాని, ఆబగా తిని త్వరగా ఇల్లు గుల్ల చేసికొనువానివలె, సుమారు ఒక కోటి సంవత్సరములకే ఆరిపోవును. ఖగోళమున కోటి సంవత్సరములు రెప్పపాటువంటివి. కనుక ఒక గెలాక్సీ చేతులలో నీలి వెలుగు కనబడినచో, అక్కడ నిన్న మొన్ననే చుక్కలు పుట్టినవని గ్రహింపవచ్చును. వాకిట చిన్న చొక్కాలు ఆరవేసియున్న యింట పసిబిడ్డ యున్నదని మనము ఊహింపమా? అట్లే యిదియును. పుట్టుక ఆగినచో నీలి చుక్కలు ముందుగా ఆరిపోవును. దీర్ఘాయువు గల ఎఱ్ఱని చుక్కలు మిగులును. గెలాక్సీ యంతయు ఎఱ్ఱబారును.

మఱి చుక్కలు దేనితో పుట్టును? ప్రధానముగా ఉదజని వాయువుతో. చల్లని వాయువు మేఘములుగా గూడి, తన బరువుచేత తానే క్రుంగి, నక్షత్రముగా వెలుగును. మన పాలపుంతలో ఏటికి సుమారు రెండు సూర్యుల బరువుగల వాయువు ఈ విధముగా నక్షత్రములగుచున్నది. ఇక్కడ ఒక లెక్క చూడుడు. మన వంటి సర్పిల గెలాక్సీలలో నక్షత్రములగుటకు సిద్ధముగా నున్న చల్లని వాయువు, వెలుపలినుండి క్రొత్తది రాకున్నచో, సుమారు 200 కోట్ల సంవత్సరములకే చెల్లిపోవును. విశ్వమునకు వయస్సు 1,380 కోట్ల సంవత్సరములు. అయినను ఇవి నేటికిని చుక్కలను కనుచునే యున్నవి. అనగా గెలాక్సీ చుట్టునున్న విశాలమైన పరిసరములనుండి వాయువు మెల్లమెల్లగా దిగుచు, ఖర్చైన దానిని పూరించుచున్నదన్నమాట. ఈ సోలాపురములో ఈ సంగతి మేము ఎక్కువగా వివరింపనక్కరలేదు. మగ్గము ఎంత గట్టిదైనను, నేయువాని చేయి ఎంత నేర్పుగలదైనను, నూలు వచ్చుచున్నంతవరకే గుడ్డ దిగును.

ఇక గెలాక్సీలు నివసించు తావులను గూర్చి చెప్పెదము. కొన్ని గెలాక్సీలు ఒంటరిగా గాని, నాలుగైదు ఇండ్ల పల్లెవలె చిన్న గుంపులుగా గాని యుండును. మఱికొన్ని మహానగరమందువలె వందలు, వేలుగా ఒకచోట క్రిక్కిరిసి యుండును. ఇట్టి పెద్ద గుంపును గెలాక్సీల గుచ్ఛమందురు. మనకు దగ్గరనున్న పెద్ద గుచ్ఛము కన్యారాశి దిక్కున, సుమారు 5 కోట్ల 40 లక్షల కాంతి సంవత్సరముల దూరమున కలదు. అందులో 1,300కు పైగా గెలాక్సీలున్నవి. 2019 ఏప్రిల్ 10వ తేదీన ఒక కృష్ణబిలపు ఛాయను పత్రికలన్నియు ప్రకటించెను గదా, అది ఈ గుచ్ఛము నడుమనున్న ఎమ్. 87 అను గెలాక్సీలోనిదే. ఉగాది నాటి రాత్రి చంద్రుడు అడ్డురాడు. పది గంటలవేళ తూర్పుదిక్కుగా చూచినచో, చిత్త నక్షత్రము తెల్లగా మెరయుచుండును. దానికి మీదుగా ఉత్తర నక్షత్రము కనబడును. ఆ ఉత్తర నక్షత్రమునకు కొంచెము తూర్పున ఏమియు లేనట్లు చీకటిగా తోచు భాగమే ఈ గుచ్ఛముండు చోటు. కంటికి ఒక్కటియు కనబడదు. దూరదర్శినికి వందలుగా కనబడును. ఇంతకంటె దట్టమైన గుచ్ఛము కోమా గుచ్ఛము. అది సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున కలదు.

గుచ్ఛములలో చేతులున్న గెలాక్సీలు తక్కువగా నున్నవని హబుల్, హ్యూమసన్ అనువారలు 1931 నాటికే గమనించిరి. 1980లో ఆలన్ డ్రెస్లర్ అను శాస్త్రజ్ఞుడు 55 గుచ్ఛములలోని సుమారు 6,000 గెలాక్సీలను ఒక్కొక్కటిగా పరిశీలించి, దీనిని లెక్కతో సహా చూపెను. ఒంటరి తావులలో పదింట ఎనిమిది సర్పిల గెలాక్సీలు. మిక్కిలి క్రిక్కిరిసిన చోట పదింట ఒక్కటియే సర్పిలము. తక్కినవన్నియు గ్రుడ్డువంటివి, బద్దవంటివి. ఆ బద్దవంటివానికి సర్పిలమునకువలె పళ్ళెము కలదు గాని, చేతులు లేవు, పసి చుక్కలు లేవు.

ఇవి పుట్టుకతోనే ఇట్లున్నవా? లేక ఒకప్పుడు చేతులుండి పోగొట్టుకొనినవా? ఇది తేలవలెనన్న గతమును కన్నులార చూడవలెను. ఖగోళశాస్త్రమున అది సాధ్యము. దూరమునుండి వచ్చు వెలుతురు పాతది. ఎంత దూరము చూచిన అంత గతము కనబడును. 1978లో బుచర్, ఓమ్లర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 400 కోట్ల సంవత్సరములకు పూర్వము బయలుదేరిన వెలుతురును పంపుచున్న రెండు దూరపు గుచ్ఛములను పరిశీలించిరి. నేటి గుచ్ఛములలో నీలి గెలాక్సీలు మిక్కిలి అరుదు. ఆనాటి గుచ్ఛములలో అవి ఎన్నో యుండెను. వాని రూపము అప్పటికి స్పష్టముగా తెలియలేదు. తరువాత 1990లలో హబుల్ పేరుగల అంతరిక్ష దూరదర్శిని వానిని ఫొటో తీసినప్పుడు, ఆ నీలివానిలో అధికభాగము చేతులున్న సర్పిల గెలాక్సీలేయని తేలినది. ఆనాడు సర్పిలములు ఎక్కువ, బద్దవంటివి తక్కువ. నేడు బద్దవంటివి ఎక్కువ, సర్పిలములు తక్కువ.

అనగా గుచ్ఛములలోనికి వచ్చిన సర్పిలములు కాలక్రమమున చుక్కల పుట్టుకను మాని, చేతులు మాసి, బద్దలైనవన్నమాట. మేము నల్లబల్లపై గీచిన వరుసకు ఇది ఎదురు. గ్రుడ్డువంటి పెద్ద గెలాక్సీల కథ కొంత వేరు. వానిలో పెక్కు మిక్కిలి ప్రాచీనకాలముననే గెలాక్సీలు ఒండొంటితో కలిసిపోవుటచేత ఏర్పడినవి. ఏది యెట్లున్నను ముసలి యిల్లు పసిపిల్లల యిల్లు కాలేదు. పసిపిల్లల యిల్లే ముసలిదైనది. వెనుక బల్లనున్న బాలిక మాటయే నిలిచినది.

ఇక ఇది ఎట్లు జరుగునో చూతము. వాయువు రెండు విధముల పోవచ్చును. ఒకటి బలవంతముగా లాగుకొనబడుట. రెండవది రాబడి నిలిచిపోవుట.

మొదటిదానిని గూర్చి చెప్పెదము. 1970 డిసెంబరు 12వ తేదీన కెన్యా దేశపు తీరమునుండి ఒక చిన్న ఉపగ్రహమును ఎగురవేసిరి. ఆ దినము ఆ దేశపు స్వాతంత్ర్య దినము గనుక దానికి స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యమను అర్థముగల "ఉహురు" అను పేరిడిరి. ఆకాశమునుండి వచ్చు ఎక్సు కిరణములను అది కనిపెట్టుచుండెను. గెలాక్సీల గుచ్ఛములు ఈ కిరణములతో వెలుగుచున్నవని దానివలన తెలిసెను. గెలాక్సీల నడుమనున్న చోటు శూన్యము కాదు. అక్కడ కోట్ల డిగ్రీల వేడిమిగల వాయువు నిండియున్నది. కోమా గుచ్ఛమున ఆ వేడిమి సుమారు 10 కోట్ల డిగ్రీలు. అయితే అది మిక్కిలి పలుచన. ఒక లీటరు పాత్ర పట్టు చోటున ఒకటి రెండు కణములు మాత్రమే యుండును.

ఇంత పలుచని వాయువు ఏమి చేయగలదని మీరడుగవచ్చును. గాలి వీచని దినమున మోటారుసైకిలుపై వేగముగా పోవుచుండగా మొగమునకు గాలి కొట్టును గదా. నిలిచియున్న గాలియే పోవువానికి ఎదురుగాలి యగును. గుచ్ఛములోనికి పడుచున్న గెలాక్సీ సెకనుకు 1,000 నుండి 2,000 కిలోమీటర్ల వేగముతో పోవును. వేగము రెండింతలైనచో ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలగును. ఈ ఒత్తిడి గెలాక్సీలోని వాయువును ఊడ్చివేయునని గన్, గాట్ అను శాస్త్రజ్ఞులు 1972లో లెక్కకట్టి చూపిరి. నక్షత్రములు మాత్రము చలింపవు. అవి చిన్నవి, గట్టివి. మగ్గముల షెడ్డులో పెద్ద ఫ్యాను వేసినప్పుడు నూలు దూది ఎగిరిపోవును గాని కండెలు కదలవు. అట్లే యిదియును. పాత చుక్కలు నిలుచును. క్రొత్త చుక్కలకు కావలసిన సరకు పోవును.

ఇది ఊహ మాత్రమే కాదు. కన్యారాశి గుచ్ఛమున ఎన్.జి.సి. 4522 అను సర్పిలము పళ్ళెపు వెలుపలి భాగమున వాయువును పోగొట్టుకొని, మధ్యభాగమున మాత్రము నిలుపుకొన్నది. పోయిన వాయువు ఒక ప్రక్కకు వంగి తేలియాడుచున్నది. నార్మా గుచ్ఛమున, సుమారు 22 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, ఇ.ఎస్.ఓ. 137-001 అను గెలాక్సీకి సుమారు 2 లక్షల 60 వేల కాంతి సంవత్సరముల పొడవైన వాయుపు తోక కలదు. ఇట్టి తోకలున్నవానిని జెల్లీచేప గెలాక్సీలందురు. ఆ తోకలలో అచ్చటచ్చట నీలి చుక్కలు పుట్టుచుండుట మఱియొక వింత. ఇల్లు విడిచిపోవుచున్న సరకు దారిలో కొంత గుడ్డ నేసినట్లున్నది.

దీనిని కనుగొనుటలో మన దేశమునకును పాలు కలదు. 2015 సెప్టెంబరు 28వ తేదీన శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్ అను ఖగోళ పరిశోధనోపగ్రహమును ఎగురవేసిరి. అందులో అతినీల కిరణములను చూచు దూరదర్శిని బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థవారి నాయకత్వమున తయారైనది. క్రొత్తగా పుట్టిన నక్షత్రములు ఈ కిరణములలోనే మిక్కిలి స్పష్టముగా కనబడును. జె.ఓ. 201 అను జెల్లీచేప గెలాక్సీ 70 కోట్ల కాంతి సంవత్సరములకు మించిన దూరమున, ఆబెల్ 85 అను గుచ్ఛములోనికి సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైగా వేగముతో దూసికొనిపోవుచున్నది. దాని తోకలోని పసి చుక్కలను ఈ దూరదర్శినియే చూపెను. ఆ పరిశోధన 2018లో ప్రకటితమైనది.

రెండవ విధము ఇంత ఆర్భాటముగా జరుగదు. గెలాక్సీ పళ్ళెమునకు వెలుపల, చుట్టునున్న పరిసరములలో, మున్ముందు దిగవలసిన వాయువు నిలువయుండునంటిమి గదా. గుచ్ఛములోనికి వచ్చినంతనే ఆ పలుచని నిలువ ముందుగా పోవును. పళ్ళెములోని సరకు మాత్రము చెక్కుచెదరదు. ఆనాడు చూచినవారికి ఏ లోపము కనబడదు. చేతులు అట్లేయుండును, చుక్కలు పుట్టుచునేయుండును. కాని క్రొత్త నూలు రాదు. ఉన్నది ఖర్చగుచుండును. ఇట్టి స్థితిని లార్సన్, టిన్స్‌లే, కాల్డ్‌వెల్ అనువారు 1980లో వివరించిరి. బియాట్రిస్ టిన్స్‌లే గెలాక్సీలు కాలముతోపాటు మారుననుటను లెక్కలతో స్థాపించిన మహిళ. ఆమె 1981లో, నలువది యేండ్ల ప్రాయముననే, మరణించినది.

ఊడ్చివేతయా, రాబడి నిలుచుటయా, ఈ రెండింటిలో ఏది ఎక్కువగా జరుగుచున్నది? దీనికి 2015లో ముగ్గురు శాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష తల్లులకు మాకంటె బాగుగా తెలియును. పొయ్యిమీద పప్పుచారు మరుగుచున్నదనుకొనుడు. నడుమ దించివేసినచో ఉప్పు ఉన్నంతయే యుండును. దింపక, నీరు పోయక మరుగనిచ్చినచో చారు చిక్కబడి ఉప్పు హెచ్చును. గెలాక్సీలో ఉప్పువంటివి ఇనుము మొదలగు బరువైన మూలకములు. అవి నక్షత్రముల కడుపులో వండబడి వాయువులో కలియును. వెలుపలినుండి వచ్చు స్వచ్ఛమైన వాయువు నీరువలె దానిని పలుచన చేయును. ఒక్కసారిగా ఊడ్చివేయబడినచో ఆ పాళ్ళు హెచ్చవు. రాబడి నిలిచి, ఉన్నదానితోనే గడపినచో హెచ్చును. వారు సుమారు 26,000 గెలాక్సీల వెలుతురును పరిశీలింపగా, చుక్కల పుట్టుక ఆగినవానిలో ఈ ఉప్పు స్పష్టముగా హెచ్చియుండెను. ఎక్కువ గెలాక్సీలు సుమారు 400 కోట్ల సంవత్సరములు రాబడిలేక క్రమముగా క్షీణించినవని వారు తేల్చిరి. అయితే మిక్కిలి దట్టమైన గుచ్ఛములలో ఊడ్చివేతయు బలముగానే జరుగుచున్నది. పెక్కుచోట్ల మొదట రాబడి నిలుచుట, పిదప మిగిలినది ఊడ్చుకొనిపోవుట, రెండును కలిసియుండును. ఇవిగాక, ప్రక్కనుండి వేగముగా పోవు గెలాక్సీల ఆకర్షణ మాటిమాటికి కుదుపుటచేత చేతులు చెదరుటయు కలదు.

రాబడి ఎంత ముఖ్యమో చూపిన మఱియొక పరిశోధన మన మహారాష్ట్రముననే జరిగినది. పుణె జిల్లాలో నారాయణగావ్ సమీపమున ఖోడద్ గ్రామమునొద్ద, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పుగల 30 పళ్ళెములతో నొక మహా రేడియో దూరదర్శిని కలదు. దానిని నిర్మింపించినవారు గోవింద్ స్వరూప్‌గారు. వారు 2020లో కీర్తిశేషులైరి. చల్లని ఉదజని కంటికి కనబడదు గాని, 21 సెంటీమీటర్ల పొడవుగల రేడియో అలను మెల్లగా పంపుచుండును. దూరమునుండి వచ్చునప్పుడు ఆ అల సాగి మఱింత పొడవగును. ఆ యేడే పుణెలోని శాస్త్రజ్ఞులు ఈ దూరదర్శినితో 7,653 గెలాక్సీలనుండి వచ్చిన అలలను ఒక్కటిగా కూడి, 800 కోట్ల సంవత్సరములకు పూర్వము గెలాక్సీలలో ఎంత వాయువుండెనో కొలిచిరి. వాయువు సమృద్ధిగనే యుండెను. కాని ఆనాటి ఖర్చునుబట్టి చూచిన అది 100 నుండి 200 కోట్ల సంవత్సరములకే సరిపోవును. రాబడి ఆ ఖర్చునకు చాలకపోవుటయే తరువాతి కాలమున విశ్వమంతట చుక్కల పుట్టుక తగ్గుటకు కారణమని వారు చెప్పిరి. గుచ్ఛములలో ఉధృతముగా జరుగునది వెలుపలను నెమ్మదిగా జరుగుచున్నదని దీనివలన తెలియుచున్నది.

మన పాలపుంత గతియేమని కొందరు పిల్లలు భయముతో అడుగుదురు. మనము ఏ పెద్ద గుచ్ఛమునందును లేము. ఆండ్రోమెడాయు, మనమును, మఱికొన్ని చిన్నవియు గలసిన పల్లెవంటి గుంపులో నున్నాము. ఆండ్రోమెడా మనతో తప్పక కలిసిపోవునని చాలకాలము చెప్పుచుండిరి. 2025లో ప్రకటితమైన లెక్కలలో, రాబోవు 1,000 కోట్ల సంవత్సరములలో అది జరుగుటకు సగము సగముగా అవకాశము కలదని తేలినది. కావున పిల్లలు నిశ్చింతగా నిద్రింపవచ్చును.

ఈ కథయంతటిలో మా మనస్సును పట్టి కలచినది ఒక గెలాక్సీ. కోమా గుచ్ఛమున ఎన్.జి.సి. 4921 అను సర్పిలము కలదు. చేతులు గలవు, సుడి కలదు, రూపము చక్కనిది. కాని ఆ చేతులలో నీలి వెలుగు మిక్కిలి తక్కువ. ఇట్టివానికి సిడ్నీ వాన్ డెన్ బెర్గ్ అను శాస్త్రజ్ఞుడు 1976లో రక్తహీన సర్పిలములని పేరిడెను. తరువాత 2007లో ప్రారంభమైన ఒక కార్యక్రమమున, శాస్త్రజ్ఞులు కాని సామాన్యులు 1 లక్షకు పైగా మంది తమ యిండ్లలోని కంప్యూటర్లపై సుమారు 9 లక్షల గెలాక్సీల ఫొటోలను చూచి రూపములను గుర్తించిరి. వారి శ్రమవలన చేతులుండియు ఎఱ్ఱబారిన సర్పిలములు ఎన్నియో బయటపడెను. దూరమునుండి చూచువానికి అవి సంపూర్ణములే. రంగు చూచినవానికి మాత్రమే లోపల పుట్టుక ఆగినదని తెలియును.

ఇప్పుడు ఆ బాలిక సంగతి. ఆమె పదవ తరగతి మంచి మార్కులతోనే గట్టెక్కినది. హాజరు పట్టికలో గాని, మార్కుల పట్టికలో గాని ఆమె విషయమున ఏ లోపమును వ్రాయబడలేదు. మా సంతకముతోనే ఆ పట్టికలు వెళ్ళినవి. ఈ విద్యాసంవత్సరారంభమున ఆమె తన కుమార్తెను మన ఐదవ తరగతిలో చేర్పించుటకు వచ్చినది. మేము ఆ ప్రశ్నను జ్ఞాపకము చేసి, "నీవు చెప్పినదే నిజమమ్మా, మేము చెప్పినది తప్పు" అంటిమి. ఆమె నవ్వి, "నేను అడిగితినా సార్? నాకు గుర్తులేదు" అన్నది.

ఆ మాట మమ్ము బాధించినట్లు ఏ మందలింపును బాధింపలేదు. ఆమె మమ్ము నిందించియున్నచో మాకు తేలికగా నుండెడిది.

తల్లులారా, తండ్రులారా, నక్షత్రములకును పిల్లలకును పోలిక చెప్పి మిమ్ము మెప్పింపవలెనని మా కోరిక కాదు. గెలాక్సీ తన రాబడిని తానే తెచ్చుకొనలేదు, చుట్టునున్న వేడిగాలిని మార్చుకొనలేదు. మనము మార్చుకొనగలము. పిల్లవాని మార్కులు తగ్గినచో మనమందరము పరుగెత్తుదుము. అది ఊడ్చివేతవంటిది, కంటికి కనబడును. పిల్లవాడు ప్రశ్న అడుగుట మానినచో ఎవరును పరుగెత్తరు. అది రాబడి నిలుచుటవంటిది. పట్టికలు చక్కగా నున్నన్నాళ్ళు తెలియదు. తెలియునప్పటికి ఏండ్లు గడచియుండును.

"ఈ చుక్కల ముచ్చట పిల్లవానికి కూడు పెట్టునా?" అని మొన్న ఒక తండ్రిగారు మమ్మడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. రెండు షిఫ్టులు నిలిచి పనిచేయువారికి ఆ ప్రశ్న అడుగు హక్కు కలదు. గెలాక్సీల జ్ఞానము కూడు పెట్టునని మేము చెప్పజాలము. కాని "ఇది ఎట్లగును?" అని నిలదీసి అడుగు బుద్ధి ఏ పనిలోనైనను పనికివచ్చును. ఆ బుద్ధి ఒక పాఠముతో రాదు. ఒక్క మాటతో పోవును. మేము దానిని స్వయముగా చేసి చూచితిమి.

కావున ఈ యేడునుండి మా గది వాకిట ఒక ప్రశ్నల పుస్తకము ఉంచుచున్నాము. ఏ తరగతి పిల్లవాడైనను, ఏ ప్రశ్నయైనను అందులో వ్రాయవచ్చును. జవాబు తెలిసినచో వ్రాసెదము. తెలియనిచో "తెలియదు, వెదకుదము" అని వ్రాసి సంతకము చేసెదము. పరీక్షలో వచ్చునా రాదా యని ఎవ్వరిని అడుగము. మీ యిండ్లలో పిల్లలు అడిగి, మీకు జవాబు తోచని ప్రశ్నలను కసరి పంపక, ఆ పుస్తకములో వ్రాయుమని పంపుడు. ఉగాది రాత్రి పాఠశాల డాబాపై చాపలు పరపించెదము. పిల్లలను వెంటబెట్టుకొని రండు. చిత్త, ఉత్తర నక్షత్రములను చూపి, వాని నడుమనున్న చీకటిలో ఏమున్నదో మరల చెప్పెదము.

ఆ పుస్తకములో మొదటి ప్రశ్నను మేమే వ్రాసితిమి. "ముసలివారు మాత్రమే యున్న యిల్లు పసిపిల్లల యిల్లు ఎట్లగును?" దాని క్రింద ఆ బాలిక పేరు వ్రాసి, జవాబు వ్రాసి, ఇరువది యేండ్లు ఆలస్యమైనదని కూడ వ్రాసితిమి. నిన్న సాయంకాలము ఆమె కుమార్తె ఆ పుట చదివి, దాని క్రింద రెండవ ప్రశ్న వ్రాసినది. దానికి జవాబు మాకింకను తెలియదు. వెదకుచున్నాము.